డిస్క్ పోయినా డేటా నిలవాలి: డేటా సెంటర్లలో సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్

(ఇంజినీరింగ్ విద్యార్థులు, సిస్టమ్ నిర్వాహకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చదువు ముగించుకుని ఉద్యోగాల వైపు చూస్తున్న విద్యార్థులు ఈ సభలో ఉన్నారు. రోజూ సర్వర్ గదుల్లో పనిచేసే నిర్వాహకులూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడాలని నా కోరిక. నిర్వచనాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

డేటా సెంటర్లలో 20 టెరాబైట్ల హార్డ్ డిస్క్ ఇవాళ మామూలు సరుకు. అది సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో రాస్తుందనుకోండి. ఖాళీ డిస్కును అంచు వరకు నింపడానికి లక్ష సెకన్లు పడుతుంది, అంటే దాదాపు 28 గంటలు. అది కూడా మధ్యలో ఇంకే పనీ చెప్పకుండా ఏకధాటిగా రాయనిస్తేనే. ఈ 28 గంటలను గుర్తుంచుకోండి, ఇవాళ్టి విషయమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1988లో బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రెయిడ్ మీద తమ పత్రాన్ని ప్రచురించారు. చవకైన డిస్కులు కొన్ని కలిపి, వాటిలో ఒకటి పోయినా మిగతావాటి నుంచి దానిలోని డేటాను తిరిగి లెక్కగట్టుకునే పద్ధతి అది. గొప్ప ఆలోచన. దశాబ్దాల పాటు ప్రపంచం దాని మీదే నడిచింది. అయితే డిస్కుల సామర్థ్యం పెరిగినంతగా వాటి వేగం పెరగలేదు. రెయిడ్‌లో ఒక డిస్క్ చెడిపోతే, పక్కన ఖాళీగా ఉంచిన మరో డిస్క్ మీదికి మొత్తం తిరిగి రాయాలి. రాసేవన్నీ ఆ ఒక్క డిస్క్ గుండానే పోవాలి. 28 గంటలని మనం వేసిన లెక్క అదే. పనివేళల్లో వినియోగదారుల ఒత్తిడి కూడా ఉంటే రోజులు పడుతుంది. ఒక్క డిస్క్ నష్టాన్నే తట్టుకునే రెయిడ్ 5లో ఆ సమయంలో రెండో డిస్క్ పోయిందంటే ఇక చేయగలిగిందేమీ లేదు. రెయిడ్ 6 రెండు డిస్కుల నష్టాన్ని తట్టుకుంటుంది కాబట్టి ప్రమాదాన్ని కొంత దూరం జరిపింది, అంతే.

దీనికితోడు పెట్టె సమస్య ఒకటి ఉంది. పాత పద్ధతిలో స్టోరేజ్ అంటే ఒక కంపెనీ అమ్మే పెద్ద పెట్టె. రెండు కంట్రోలర్లు, వాటి కింద అరలు అరలుగా డిస్కులు. తెలివంతా ఆ కంట్రోలర్లలోనే ఉంటుంది. డిస్క్ కావాలన్నా ఆ కంపెనీ దగ్గరే కొనాలి. పెట్టె నిండితే ఇంకా పెద్ద పెట్టె కొని, సేవలు ఆపి, పాతదాంట్లోని డేటాను కొత్తదాంట్లోకి తరలించాలి. ఆ పెట్టెలను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఎంతో శ్రద్ధతో తయారుచేసిన యంత్రాలవి, ఇవాళ్టికీ చాలా బ్యాంకుల్లో పనిచేస్తున్నాయి. కానీ డేటాను ఎక్కడ పెట్టాలి, ఎన్ని కాపీలు ఉంచాలి, ఒక భాగం చెడితే ఏం చేయాలి అన్న నిర్ణయాలు మన కంటికి కనబడవు. అవి పెట్టె లోపలే జరిగిపోతాయి.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ స్టోరేజ్ ఆ నిర్ణయాలను పెట్టెలోంచి బయటికి తెచ్చింది. మామూలు సర్వర్లు, వాటిలో మామూలు డిస్కులు, మధ్యలో మామూలు నెట్‌వర్క్. వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్ మనం రాసిచ్చిన నియమం ప్రకారం డేటాను సర్దుతుంది. ఈరోజుల్లో ప్రతి అమ్మకందారూ తన సరుకుకు ఈ పేరు తగిలిస్తున్నాడు కాబట్టి, నేను పెట్టుకున్న పరీక్ష చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంకొకరి దగ్గర కొన్న సర్వర్ మీద నడపగలమా? కాపీల సంఖ్యనో, డేటా ఉండాల్సిన చోటునో ఎవరికీ ఫోను చేయకుండా మనమే మార్చగలమా? రెండింటికీ అవునని జవాబొస్తేనే ఆ పేరుకు అర్హత.

చరిత్రను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 2003లో గూగుల్ తన ఫైల్ సిస్టమ్ మీద పత్రం ప్రచురించింది. వేల యంత్రాలున్నచోట ఏదో ఒకటి చెడిపోవడం రోజువారీ సంగతేనని, దాన్ని ముందే ఊహించి సాఫ్ట్‌వేర్ రాయాలని అందులో స్పష్టంగా చెప్పారు. 2006 మార్చిలో ఇంటర్నెట్ ద్వారా డేటా దాచుకునే సేవ అమెజాన్ ఎస్3 వచ్చింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ విశ్వవిద్యాలయంలో సేజ్ వీల్ అనే పరిశోధక విద్యార్థి, తన సహచరులతో కలిసి సెఫ్ అనే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ గురించి పత్రం వెలువరించాడు. అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలల సూపర్ కంప్యూటర్ల అవసరాల కోసం మొదలైన పరిశోధన అది. 2010లో సెఫ్ క్లయింట్, అంటే డేటాను అడిగే వైపు ప్రోగ్రామ్, లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) చేరింది. 2014లో దాన్ని నడిపిస్తున్న ఇంక్‌ట్యాంక్ సంస్థను రెడ్‌హ్యాట్ 17.5 కోట్ల డాలర్లకు కొన్నది. వీఎంవేర్ వీశాన్, న్యూటానిక్స్, గ్లస్టర్ లాంటివి ఇంకా ఉన్నాయి. నేను మాత్రం సెఫ్ గురించే వివరంగా చెబుతాను. దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, నా మాట మీద అనుమానం వస్తే మీరే తెరిచి చదువుకోవచ్చు.

సెఫ్‌లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది క్రష్ అనే గణన పద్ధతి. వేల డిస్కులున్న క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, ఒక ముక్క డేటా ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? మామూలుగా అయితే ఒక పెద్ద పట్టిక పెట్టుకుంటాం. ఎవరికేం కావాలన్నా ముందు ఆ పట్టికను అడగాలి. క్లస్టర్ పెరిగేకొద్దీ పట్టిక మీద భారం పెరుగుతుంది, అది పోతే అన్నీ పోయినట్టే. సెఫ్‌లో ప్రతి ముక్కకూ అలాంటి పట్టిక ఉండదు. పంచాంగం వేసే సిద్ధాంతి ఏ తిథి ఎప్పుడు మొదలవుతుందో ఎవరినీ అడగడు కదా, లెక్క వేస్తాడు. అదే గణితంతో అవే మూల విలువలతో రాజమండ్రిలో వేసినా వరంగల్లులో వేసినా ఒకే జవాబు వస్తుంది. క్రష్ కూడా అంతే. ముక్క పేరు, క్లస్టర్ పటం, మనం రాసిన నియమం, ఈ మూడూ ఇస్తే అది ఏయే డిస్కుల మీద ఉండాలో ఎవరైనా లెక్కగట్టవచ్చు. చదవాలనుకున్న క్లయింట్ తనే లెక్కగట్టుకుని నేరుగా ఆ డిస్క్ దగ్గరికే వెళ్తుంది. మూల విలువలు వేరైతే పంచాంగాల మధ్య పండుగ తేదీలు తేడా వచ్చినట్టు, ఇక్కడ పటం పాతదైతే జవాబు తప్పుతుంది. అందుకే పటానికి వరుస సంఖ్య ఉంటుంది, మార్పు జరిగిన ప్రతిసారీ అది పెరుగుతుంది. ఆ పటాన్ని కాపాడేవి మానిటర్లు అనే ప్రోగ్రాములు. మూడో ఐదో మానిటర్లు ఉంటాయి, ఏ మార్పైనా వాటిలో సగానికి మించి అంగీకరిస్తేనే చెల్లుతుంది.

ఇప్పుడు ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. ఒక వర్చువల్ మెషీన్‌కు, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌కు, 100 గిగాబైట్ల డిస్క్ ఇచ్చామనుకోండి. సెఫ్ దాన్ని 4 మెగాబైట్ల ముక్కలుగా చూస్తుంది. నిండా రాస్తే 25,600 ముక్కలవుతాయి. ఒక్కో ముక్క పేరును హ్యాష్ చేస్తే, అంటే లెక్కతో ఒక సంఖ్యగా మారిస్తే, అది ప్లేస్‌మెంట్ గ్రూపు అనే ఒక గుంపులో పడుతుంది. ఆ గ్రూపుకు క్రష్ మూడు డిస్కులు కేటాయిస్తుంది. వాటిలో మొదటిది పెద్దరికం వహిస్తుంది. రాయాల్సింది ముందు దాని దగ్గరికి వస్తుంది, అది మిగతా రెండింటికీ పంపుతుంది, మూడూ రాశామని చెప్పాకే వర్చువల్ మెషీన్‌కు సరేనంటుంది. అంటే ప్రతి రాతలోనూ నెట్‌వర్క్ ప్రయాణం ఉంది. డిస్కుల మీద లక్షలు పోసి స్విచ్చుల దగ్గర పొదుపు చేసే సంస్థలు ఈ సంగతి మరిచిపోతాయి.

మూడు డిస్కులు అన్నాను. అవి ఎక్కడెక్కడ ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. మూడూ ఒకే సర్వర్‌లో ఉంటే ఆ సర్వర్ ఆగిపోగానే మూడు కాపీలూ చేజారినట్టే. మూడు సర్వర్లు ఒకే ర్యాక్‌లో (సర్వర్లు పేర్చే బీరువాలో) ఉన్నా అంతే. ర్యాక్‌కు కరెంటు ఒకే లైను నుంచి వస్తుంటే, పైన ఉన్న స్విచ్చు ఒక్కటే అయితే, అవన్నీ కలిసే కూలుతాయి. కలిసి కూలిపోయేవేవో గుర్తించి, ఒక్కో కాపీని ఒక్కో చోట పెట్టమని చెప్పాలి. సెఫ్ పటంలో డిస్క్, సర్వర్, ర్యాక్, గది అని అంచెలుంటాయి. మూడు కాపీలు మూడు వేర్వేరు ర్యాకుల్లో ఉండాలి అన్న నియమం ఒక్క వాక్యమంత. దాన్ని రాసే మనిషికి తన సర్వర్ గదిలో ఏ తీగ ఎక్కడికి పోతోందో తెలిసి ఉండాలి. పటంలో ర్యాక్ 1, ర్యాక్ 2 అని వేర్వేరుగా రాసి, వాస్తవంలో రెండింటికీ ఒకే యూపీఎస్ నుంచి కరెంటు ఇస్తే సాఫ్ట్‌వేర్ చేయగలిగిందేమీ లేదు. మనం చెప్పిన పటాన్ని అది నమ్ముతుంది. నిర్ణయం మన చేతికి వచ్చిందంటే బాధ్యత కూడా మన చేతికి వచ్చినట్టే. ఇవాళ మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇక ఒక డిస్క్ చెడిపోయిందనుకుందాం, అర్ధరాత్రి దాటాక. ప్రతి డిస్కుకూ ఓఎస్‌డీ అనే ప్రాసెస్ ఒకటి కాపలా ఉంటుంది. ఓఎస్‌డీలు ఒకదాన్నొకటి కొన్ని సెకన్లకోసారి పలకరించుకుంటూ ఉంటాయి. పలకని దాని గురించి పొరుగువి మానిటర్లకు ఫిర్యాదు చేస్తాయి. మానిటర్లు దాన్ని డౌన్ అని పటంలో రాస్తాయి, పటం సంఖ్య పెరుగుతుంది. ఆ డిస్కులో ఉన్న గ్రూపులకు ఇప్పుడు రెండేసి కాపీలే మిగిలాయి, కానీ పని ఆగదు. తర్వాత సెఫ్ పది నిమిషాలు వేచి చూస్తుంది. సర్వర్ రీబూట్ అవుతూ ఉండవచ్చు, ఎవరో కేబుల్ మారుస్తూ ఉండవచ్చు, తొందరపడి టెరాబైట్ల డేటాను కదిలించడం తెలివైన పని కాదు. పది నిమిషాల్లో తిరిగి రాకపోతే దాన్ని ఔట్ అని ప్రకటిస్తుంది. అప్పుడు మరమ్మతు మొదలవుతుంది.

ఇక్కడే మనం మొదట వేసిన 28 గంటల లెక్క తలకిందులవుతుంది. ఒక డిస్క్ మీద సుమారు వంద ప్లేస్‌మెంట్ గ్రూపులు ఉండేలా చూసుకోమంటారు. వాటి మిగతా కాపీలు క్లస్టర్ అంతటా పదుల డిస్కుల మీద చెదిరి ఉన్నాయి. కాబట్టి చదివేవి పదుల డిస్కులు, రాసేవి కూడా పదుల డిస్కులే. ఒక్కోదానికి కొద్దికొద్ది పని. కొత్త డిస్క్ కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఖాళీ స్థలం అన్ని డిస్కుల్లోనూ పంచి ఉంది. క్లస్టర్ పెద్దదయ్యేకొద్దీ మరమ్మతు తొందరగా ముగుస్తుంది. పొద్దున సాంకేతిక సిబ్బంది వచ్చేసరికి డేటా మళ్లీ మూడు కాపీలతో ఉండవచ్చు. చెడిన డిస్క్ అప్పటికి మార్చాల్సిన ఒక వస్తువు మాత్రమే. రాత్రి మేలుకుని కూర్చోవలసిన అవసరం తప్పించడం చిన్న విషయం కాదు. నిద్రలేని మనిషి చేతిలో ఎంత డేటా పోయిందో ఈ రంగంలో ఉన్నవారికి తెలుసు.

ఇది ఉచితంగా రాదు. ఖాళీ ఉండాలి. నాలుగు సర్వర్లున్నాయి, ఒక్కోటి 80 శాతం నిండింది అనుకోండి. ఒకటి పోతే మొత్తం డేటా మూడింటి మీద సర్దుకోవాలి. నాలుగు 0.8లు కలిపితే 3.2, దాన్ని మూడుతో భాగిస్తే 107 శాతం. పట్టదు. సెఫ్ 85 శాతం దగ్గర హెచ్చరిస్తుంది, 95 శాతం దగ్గర రాయడం ఆపేస్తుంది. నాలుగు సర్వర్ల క్లస్టర్‌లో ఒకటి పోయినా హెచ్చరిక దాటకుండా ఉండాలంటే మామూలు రోజుల్లో 63 శాతానికి మించి నింపకూడదు. బడ్జెట్ కాగితం రాసేవారు ఈ సంఖ్యను మొదటి పేజీలోనే రాయాలని నా అభిప్రాయం.

మూడు కాపీలంటే ఒక పెటాబైట్ దాచడానికి మూడు పెటాబైట్లు కొనాలి. ఈ ఖర్చు తగ్గించడానికి ఇరేజర్ కోడింగ్ ఉంది. డేటాను నాలుగు భాగాలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన మరో రెండు భాగాలు కలిపి, ఆరు చోట్ల పెడతాం. ఏ రెండు పోయినా మిగతా నాలుగింటితో మొత్తం తిరిగి రాబట్టవచ్చు. ఖర్చు ఒకటిన్నర రెట్లే. దీని వెనుక ఉన్నది 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ఇచ్చిన గణితం. గీతలు పడిన సీడీ కూడా పాట వినిపించేది ఇలాంటి గణితం వల్లే. కానీ చిన్న చిన్న మార్పులు తరచుగా జరిగే డేటాకు ఇది భారం. వర్చువల్ మెషీన్ల డిస్కులకు మూడు కాపీలు, వీడియోలకూ పాత రికార్డులకూ ఇరేజర్ కోడింగ్ అని విడదీసుకోవడం మేలు.

నిర్వాహకులకు ఒక మాట. మూడు కాపీల పూల్‌లో (ఒకే నియమం కింద ఉంచిన డేటా సముదాయంలో) కనీసం రెండు కాపీలు అందుబాటులో ఉంటేనే రాయనివ్వాలన్న నియమం మొదట్నుంచీ అమర్చి ఉంటుంది. ఒక్క కాపీ మిగిలినప్పుడు సేవ ఆగుతుంది. పైవాళ్ల ఒత్తిడితో ఎవరో ఒకరు దాన్ని ఒకటికి మార్చేస్తారు, సేవ వెంటనే నడుస్తుంది. దయచేసి అలా చేయకండి. ఆ ఒక్క డిస్క్ మీద కొత్త రాతలు పడ్డాక అది కూడా పోయిందంటే, ఆ రాతలు ఇంకెక్కడా ఉండవు. తర్వాత పాత డిస్కులు తిరిగి వచ్చినా వాటిలో ఉండేది పాత డేటాయే. సేవ కొన్ని గంటలు ఆగితే జనం కోప్పడతారు. డేటా పోతే ఎవరి పెన్షన్ రికార్డో, ఎవరి వైద్య నివేదికో శాశ్వతంగా పోతుంది.

ఇంకో ప్రమాదం చప్పుడు చేయకుండా వస్తుంది. డిస్క్ బాగానే ఉన్నట్టుంటుంది, చదివితే తప్పు డేటా ఇస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ దీన్ని పట్టుకోవడానికి ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్, అంటే డేటా నుంచి లెక్కగట్టిన సరిచూపు సంఖ్య, పెట్టింది. సెఫ్ మొదటి పదేళ్లు అప్పటికే ఉన్న లినక్స్ ఫైల్ సిస్టమ్‌ల మీద ఆధారపడి నడిచింది. అవి తమ అవసరానికి తగినవి కావని అనుభవంతో తెలుసుకున్న బృందం, డిస్క్ మీద నేరుగా రాసే బ్లూస్టోర్‌ను తయారుచేసింది. 2017లో అది సెఫ్‌కు ప్రామాణికమైంది. చదివిన ప్రతిసారీ అది చెక్‌సమ్ సరిచూస్తుంది. పైగా వారానికోసారి కాపీలన్నింటినీ పూర్తిగా చదివి పోల్చే స్క్రబ్ ఉంటుంది. అది వేగాన్ని తగ్గిస్తోందని కొందరు ఆపేస్తారు. దాన్ని రాత్రివేళలకు మార్చుకోండి, ఆపకండి.

ఇన్ని కాపీలున్నాయి కదా, బ్యాకప్ ఎందుకని అడుగుతారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు లేచాయి. అక్కడి ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు ఉండేవి, బయట ఎక్కడా బ్యాకప్ లేదు. డేటా అంత పెద్దది కాబట్టే బ్యాకప్ తీయలేకపోయామని అధికారులు చెప్పారు. ఒకే భవనంలోని మూడు ర్యాకుల్లో మూడు కాపీలుంటే, మంటకు అవి ఒక్కటే. పొరపాటున ఇచ్చిన డిలీట్ కమాండ్‌కు కూడా ఒక్కటే, మూడు చోట్లా ఒకేసారి చెరిగిపోతుంది. స్నాప్‌షాట్లు (ఒక క్షణంలో డేటా ఉన్న స్థితిని పదిలపరచినవి), పాత వెర్షన్లు, వేరే ఊళ్లో ఇంకో ప్రతి, ఇవన్నీ వేరుగా కావాలి.

పెద్ద క్లౌడ్ సంస్థలు ఇదే ఆలోచనను ఊళ్ల స్థాయికి తీసుకెళ్లాయి. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. అందులో మూడు అవైలబిలిటీ జోన్లు, అంటే ఒకదానితో ఒకటి కలిసి కూలిపోకుండా విడివిడిగా కట్టిన డేటా సెంటర్ల సముదాయాలు, ఉన్నాయి. మనం ర్యాక్ అన్నచోట వాళ్లు జోన్ అంటారు, నియమం అదే. 2025 అక్టోబరులో విశాఖపట్నంలో డేటా సెంటర్ల మీద అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ ప్రకటించింది. ఇలాంటి వార్తల్లో ఎకరాలు, మెగావాట్లు చదువుతాం. ఆ గోడల లోపల జరిగే పనిలో మన పిల్లలు కాపలాకూ కేబుళ్లు లాగడానికీ పరిమితం కాకుండా, డేటా ఎక్కడుండాలో నిర్ణయించే కోడ్ రాసే స్థానాల్లో ఉండాలని నేను మనసారా కోరుకుంటున్నాను. సెఫ్ లాంటివి అందుకు దారి. జెనీవా దగ్గరున్న సెర్న్ ప్రయోగశాల 2013 నుంచి వాడుతున్న కోడ్‌ను మీరు మీ హాస్టల్ గదిలో కూర్చుని చదవవచ్చు, సరిదిద్ది పంపవచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: మా ఆసుపత్రిలో రెండే సర్వర్లున్నాయి సార్. మేం కూడా సెఫ్‌కు మారాలా?

వద్దు. రెండు సర్వర్లలో మానిటర్లకు మెజారిటీ కుదరదు, మూడు కాపీలకు మూడు చోట్లుండవు. మీకు ఒక సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ (రెండు డిస్కుల మీద ఒకే డేటా), రెండోదానికి గంటగంటకూ స్నాప్‌షాట్ పంపడం, వారానికోసారి బయటికి బ్యాకప్, ఇది చాలు. నిర్వహించే మనుషులు ఎంతమంది ఉన్నారో చూసుకుని పద్ధతి ఎంచుకోవాలి. సెఫ్ నడపాలంటే నాలుగైదు సర్వర్లు, మంచి నెట్‌వర్క్, దాన్ని అర్థం చేసుకున్న కనీసం ఇద్దరు మనుషులు కావాలి. ఇద్దరని ఎందుకంటున్నానంటే, ఒకరు సెలవు పెట్టగలగాలి.

ప్రశ్న: ఎన్‌వీఎంఈ డిస్కులు (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన ఫ్లాష్ డిస్కులు) వచ్చాక ఈ సాఫ్ట్‌వేరే అడ్డంకి అవుతోందంటారు. నిజమేనా?

చాలావరకు నిజం. తిరిగే డిస్క్ జవాబివ్వడానికి కొన్ని మిల్లీసెకన్లు తీసుకునేది, సాఫ్ట్‌వేర్ చేసే ఆలస్యం అందులో కలిసిపోయేది. ఎన్‌వీఎంఈ మైక్రోసెకన్లలో జవాబిస్తుంది, ఇప్పుడు ఆలస్యమంతా సాఫ్ట్‌వేర్, నెట్‌వర్క్‌లదే. అందుకే ఓఎస్‌డీని క్రిమ్సన్ పేరుతో కొత్తగా రాస్తున్నారు. అత్యంత వేగం కావాల్సిన డేటాబేస్ ఒకటి ఉంటే, దాన్ని అదే సర్వర్‌లోని ఎన్‌వీఎంఈ మీద పెట్టి, కాపీల పని డేటాబేస్‌కే అప్పగించడం మంచిది.

ప్రశ్న: సర్వర్లు లేకుండా నేర్చుకోవడం ఎలా?

16 గిగాబైట్ల మెమొరీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. నాలుగు చిన్న వర్చువల్ మెషీన్లు పెట్టండి, ఒక్కోదానికి రెండు ఖాళీ డిస్కులు తగిలించండి, సెఫ్ ఎక్కించండి. కొన్ని ఫైళ్లు రాయండి. తర్వాత ఒక మెషీన్‌ను ఉన్నపళంగా ఆపేసి, క్లస్టర్ పరిస్థితి చూపించే కమాండ్‌ను తెర మీద నడుస్తూ ఉంచండి. డౌన్ ఎప్పుడైంది, పది నిమిషాల తర్వాత ఏం మారింది, ఎన్ని గ్రూపులు కోలుకుంటున్నాయి, గమనించండి. మరమ్మతు సగంలో ఉండగా రెండో మెషీన్‌ను ఆపండి. ఆపేముందు ఏ గ్రూపులు పనిచేస్తాయో, ఏవి ఆగిపోతాయో మీ అంచనా కాగితం మీద రాసుకోండి. అంచనాకూ తెర మీద కనిపించినదానికీ తేడా వచ్చిన చోట కోడ్ తెరిచి చదవడం మొదలుపెట్టండి.